తలలో ఏం లేదంట

నా తలలో ఏమీ లేదని ఆర్మూరు మొత్తానికీ తెలుసు. మా అత్తమ్మ శాంతవ్వే చాటింపు వేసింది. పాలవాడికి చెప్పింది, పసుపు యార్డులో హమాలీలకు చెప్పింది, బస్టాండు దగ్గర గాజులమ్మే నాగవ్వకూ చెప్పింది. "స్కానింగు తీసిండ్రు, ఏం లేదన్నరు. అయినా మా కావేరి తల పట్టుకొని కూసుంటది" అని.

ఉడికించి ఎండబెట్టిన పసుపు కొమ్ములను నున్నగా చేసే డ్రమ్ము మా కల్లంలోనే ఉంది. మొన్నటి సీజన్‌లో దాని మూత ఊడి నా నెత్తికి తగిలింది. రక్తం రాలేదు. పడ్డాను, లేచాను, అడిగిందే మళ్ళీ మళ్ళీ అడిగానట. దవాఖానలో సీటీ తీసి, లోపల నెత్తురు గడ్డకట్టలేదు, ఇంటికి పొమ్మన్నారు. అప్పుడు మొదలయ్యాయి నా తిప్పలు. ఎండలోకి వస్తే కళ్ళు తెరవలేను. డ్రమ్ము మోత వింటే కడుపులో తిప్పుతుంది. పొయ్యి మీద చాయ పెట్టి మరిచిపోతాను, గిన్నె మాడుతుంది.

నా భర్త గంగాకిషన్ నా మాట నమ్మాడు. ఆయన నమ్మితే ఏం లాభం, మా ఇంట్లో చెల్లేది అత్తమ్మ మాట. ఇన్నేళ్ళు ఒకే పొయ్యి దగ్గర వండుకున్నాం, ఇప్పుడు నన్ను నాటకాలాడేదాన్ని చూసినట్టు చూస్తుంటే ఒళ్ళు మండిపోయేది, ఏడుపూ వచ్చేది. నొప్పి తగ్గకపోయినా పోనీ, ఆమె ఒక్కసారి నన్ను నమ్మితే చాలనుకున్నాను.

అంతలో నిజామాబాదులో ఒక దవాఖానవాళ్ళు, తలకు దెబ్బ తగిలినవాళ్ళ మెదడును ఎమ్మారై తీసి పరిశోధన చేస్తున్నారని తెలిసింది. పేరిచ్చాను. ఒంటి మీద లోహం ఉండొద్దు, గాజులు, మెట్టెలు, పుస్తెలు తీసి రావాలని డాక్టర్ దివ్యశ్రీ ఫోన్‌లో చెప్పింది.

అత్తమ్మ గయ్యిమంది. "పుస్తెలు తీసుడేంది? ఏం లేదన్నంక మల్ల గీ మిషినేంది?"

"ఉన్నదో లేదో గా మిషినే చెప్తది. నువ్వు రాకున్నా నేను పోత" అన్నాను.

పొద్దున తయారవుతుంటే ఆమే వచ్చింది. కుప్పలోంచి మంచి కొమ్ము ఏరి, పసుపు రాసిన దారానికి కట్టి, కొడుకును పిలిచి నా మెడలో కట్టించింది. నా పుస్తెలు తన కొంగున ముడేసుకుంది. "ఇంటి నిండ పసుపు పెట్టుకొని బోసి మెడతోని పోతవా?" అంది. తర్వాత నన్ను కూర్చోబెట్టి తల దువ్వి, కొప్పు కూడా వేసింది. అలా ఎప్పుడూ చేయదు. ఊళ్ళో నలుగురి కోసం ఈ ముస్తాబంతా అని లోపల గొణుక్కున్నాను.

రానంటుందనుకున్న మనిషి నా వెంటే బస్సెక్కింది. దవాఖానలో టెక్నీషియన్ అమ్మాయి చేతిలో చిన్న మిషను పట్టుకొని నా ఒంటి చుట్టూ తిప్పింది. మెడ దగ్గర చప్పుడు లేదు. కొప్పు దగ్గరికి రాగానే కుయ్యిమంది.

"పిన్నులున్నయా అక్కా?"

"లేవు. అన్ని తీసిన."

కొప్పు విప్పితే నల్లదారం చుట్టిన చిన్న ఇనుప సీల కింద పడింది. చెప్పులు కుట్టేవాళ్ళు కొట్టే సీల.

"గిదెవరు పెట్టిండ్రు? లోపలికి పోతే అయస్కాంతం గుంజుతది, మనిషికి గుచ్చుకుంటది" అని ఆ అమ్మాయి కోప్పడింది.

అత్తమ్మ తల వంచుకుంది. "నేనే పెట్టిన బిడ్డా. ఇనుముంటే గాలి, ధూళి సోకదని."

నాకు చిర్రెత్తుకొచ్చింది. "నా తలల ఏం లేదంటివి గద అత్తమ్మా. ఏం లేనిదానికి సీలెందుకు?"

ఆమె కొంగు ముడిని చేత్తో తడుముకుంటూ నిలబడింది.

"నువ్వు చాయ గిన్నె ముంగట పెట్టుకొని ఏడుస్తుంటే నేను చూడలేదా? నాకు మస్తు భయమైంది. ఏం లేదు, ఏం లేదని పదిమందికి చెప్తే, నిజంగనే ఏం లేకుంట పోతదనుకున్న."

నా కోపం ఎటుపోయిందో నాకే తెలియదు. లోపల మిషను మా డ్రమ్ము కన్నా ఘోరంగా మోగింది. చెవుల్లో దూది పెట్టారు. మెడలో పసుపు వాసన పీల్చుకుంటూ కదలకుండా పడుకున్నాను. హాయిగా ఉంది.

బయటికి వచ్చాక డాక్టర్ దివ్యశ్రీ ఇద్దరినీ కూర్చోబెట్టింది. "ఒక్కరి ఫోటో చూసి గట్టిగ చెప్పలేం. చాలామందివి కలిపి చూస్తేనే సంగతి అర్థమైతది. కానీ సీటీల కనపడలేదని నొప్పి అబద్ధం కాదు. గిట్ల దెబ్బ తాకినోళ్ళకు ఇవన్ని అయితయి. శానమందికి తగ్గుతది, జర టైం పడ్తది."

అత్తమ్మ ఆమెకు రెండు చేతులూ జోడించింది.

ఆర్మూరులో బస్సు దిగేసరికి ఎండ తగ్గింది. నాగవ్వ గాజుల బండి దగ్గర్నుంచే కేకేసింది. "ఏమన్నరు శాంతవ్వా? ఏం లేదన్నరా?"

అత్తమ్మ నా చెయ్యి పట్టుకొని బండి దాకా నడిచింది.

"ఉన్నది. నా కోడలి తలకు దెబ్బ తాకింది. నువ్వు జర మెల్లగ మాట్లాడు, చప్పుడుకు దానికి నొస్తది."