రెండో పేజీలో ఏలీయా

పొద్దున ఏడున్నర బస్సు లూదియా ఆళ్లగడ్డలో ఎక్కుతుంది. శిరివెళ్లలో ఎవరైనా దిగితే సీటు దొరుకుతుంది, లేకుంటే నంద్యాల దాకా కమ్మీ పట్టుకుని నిలబడాల్సిందే. బస్సు దిగి నేరుగా పోయి సంజీవయ్య ఇంటర్నెట్ సెంటర్ తాళం తీస్తుంది. చిమ్మి, నీళ్లు చల్లి, నాలుగు కంప్యూటర్లు ఒక్కొక్కటే ఆన్ చేస్తుంది. బీఎస్సీ కంప్యూటర్స్ చదివిన పిల్లకి అంతకన్నా పెద్ద పని ఆ చుట్టుపక్కల ఇంకా దొరకలేదు.

వైరస్‌లతో వేగలేక సంజీవయ్య అన్నిట్లోనూ లినక్స్ ఎక్కించాడు. ఎవరైనా హాల్‌టికెట్టో, ఆస్పత్రి రిపోర్టో తెచ్చుకుంటే తెరిచి చూడ్డానికి అందులో మూడు పీడీఎఫ్ రీడర్లు ఉండేవి. ఒకటి బూడిదరంగుది. చూడ్డానికి వికారం, కానీ నొక్కీ నొక్కకముందే తెరుచుకుంటుంది, మూయగానే అంతా మర్చిపోతుంది. రెండోది అందంగా ఉంటుంది, ప్రింటు బాగా వస్తుంది, అది తెరుచుకునే లోపల టీ తాగి రావచ్చు. మూడోది పచ్చబొమ్మది. దాని గుణం వేరు. ఏ పేజీలో మూస్తే ఆ పేజీని గుర్తుపెట్టుకుంటుంది. ఆ కాగితం ఎవరిదైతే వాళ్లని కూడా ఆ పేజీ దగ్గరే ఆపేస్తుంది.

ఇది నంద్యాలలో అందరికీ తెలుసు. డిగ్రీ చదివే శ్రీశైలం తన అప్లికేషన్ సగంలో వదిలేసి అక్క పెళ్లికి పోతే, తిరిగొచ్చి పూర్తి చేసేదాకా గడ్డం మొలవలేదు. ఫొటోల్లో నున్నగా పడ్డానని సంతోషపడ్డాడు. పాపయ్య పొలం కేసు కాగితాలు కూడా పచ్చదాంట్లోనే ఆగిపోయాయేమోనని ఎవరో అంటే, "దానికి రీడరెందుకప్పా, కోర్టు చాలదా" అన్నాడు సంజీవయ్య.

బుడ్డశనగ విత్తే రోజుల్లో లూదియా వాళ్ల నాయన ఏలీయాకి దగ్గు పట్టుకుంది. రుద్రవరం వైపు రైతులకు ట్రాక్టర్ తోలే మనిషి. కర్నూలు ఆస్పత్రిలో ఊపిరితిత్తి లోంచి ముక్క తీసి పరీక్షకు పంపారు. రిపోర్టు లూదియా మెయిల్‌కే వచ్చింది. మూడు పేజీలు.

ముందు బూడిదరంగుదాని మీదికే పోయింది చెయ్యి. అందులో అయితే మూడు పేజీలూ చిటికెలో అయిపోతాయి. వేలు అక్కడే కాసేపు ఆగింది. తర్వాత పక్కకి జరిగి పచ్చదాన్ని నొక్కింది. మొదటి పేజీలో పేరు, వయసు, ఊరు. రెండో పేజీలో ఊపిరితిత్తుల బొమ్మ, అందులో పగిలిన పత్తికాయ లాంటి తెల్లటి మచ్చ. అసలు సంగతి మూడో పేజీలో ఉంటుంది. లూదియా తిప్పలేదు. మూసేసింది.

ఆ రోజు నుంచి ఏలీయా ఆగిపోయాడు.

దగ్గు పెరగలేదు, తగ్గలేదు. ఒళ్లు చిక్కలేదు. "మీ నాయన గీసుకునే బ్లేడు తుప్పు పడతాంది మే" అని తల్లి జీవమ్మ మొదట్లో సంబరపడింది. తర్వాత తర్వాత గొంతు తగ్గించి చెప్పడం మొదలుపెట్టింది. "పెడితే తింటాడు, ఆకలి అని అడగడు. పండుకుంటాడు, నిద్దర తీరిందనడు. ఇంట్లో మనిషి ఉన్నెట్టే ఉంది, లేనట్టే ఉంది." చర్చిలో అందరూ మూడో చరణానికి పోతే ఏలీయా మళ్లీ రెండోదే అందుకునేవాడు. పక్కనోళ్లు కొంచెం జరిగి, వాళ్ల చరణం వాళ్లు పాడుకునేవాళ్లు.

లూదియా మాత్రం రోజూ రాగానే ఫైల్ తెరిచి, రెండో పేజీ రెండో పేజీగానే ఉందని చూసుకుని మూసేది.

శనగ నూర్పిళ్లు అయిపోతుండగా ఒకరోజు సంజీవయ్య కొత్త సీడీ పట్టుకొచ్చాడు.

"డిస్కులు నిండిపోయినాయి లూదియా. సాయంత్రం అన్నీ తుడిచేసి కొత్తది ఎక్కిస్తా. రీడర్ ఒకటే ఉంచుదాం. మూడెందుకు, మనమేమన్నా లైబ్రరీ నడుపుతాండామా? ఏది ఉంచాల్నో నువ్వే చెప్పు."

"పచ్చది తీసేస్తే దాంట్లో ఆగినోళ్లు ఏమైతారన్నా?"

సంజీవయ్య సీడీని చొక్కాకి తుడిచాడు. "ఏమో మా. ఎవురూ తీసి చూల్లేదు గదా."

పచ్చదే ఉంచన్నా అనే మాట నాలుక చివరి దాకా వచ్చింది. "మధ్యాన్నం చెప్తా" అంది.

మధ్యాహ్నం గుమ్మంలో ఏలీయా నిలబడి ఉన్నాడు, చొక్కా మీద శనగ పొట్టుతో.

"ఏంది నాయనా, ఈడికొచ్చినావ్?"

"మార్కెట్‌కు శనగలు తోలుకొచ్చినా." స్టూల్ లాక్కుని పక్కన కూర్చున్నాడు. "యాడ పెట్టినావ్ మే నన్ను?"

అబద్ధం చెప్పాలనిపించలేదు. "రెండో పేజీలో."

"అనుకున్న్యా. ఊపిరి సగం తీసుకోని ఉన్నెట్టుంది పాపా. మిగిలింది లోపలికి పోదు, తీసుకున్నెది బయటికి రాదు. దగ్గు గూడా గొంతులోనే కూచోనుంది, మొదలుపెడితే అయిపోదు."

"తిప్పితే ఏముంటాదో నాయనా."

"ఏముంటే అదుంటాది. చర్చిలో డప్పు కొట్టే ఆ శాంసన్‌గాడు నన్ను చూసి నగుతాండాడు. సచ్చేలోపల ఒక్కసారన్నా మూడో చరణం పాడాల మే. తిప్పు."

లూదియా తిప్పింది.

పేజీ పైనుంచి కిందికి మెల్లగా దిగింది. ఇంగ్లీషు. ఒకసారి చదివి నమ్మలేక మళ్లీ చదివింది. తొలిదశ. గడ్డ చిన్నది. ఎక్కడికీ పాకలేదు. నెల లోపల ఆపరేషన్ చేస్తే పూర్తిగా నయమవుతుంది.

ఆమెకి నవ్వు, ఏడుపు కలిసి వచ్చాయి. "నయమైతాదంట నాయనా. ఊరికే భయపడినాం. నయమైతాదంట."

పక్కన ఏలీయా ఊపిరి వదిలాడు. ఎంత పొడవు ఊపిరంటే, టేబుల్ మీది కాగితాలు కదిలాయి. "అబ్బ," అన్నాడు. "ఆకలైతాంది మే."

లూదియా గబగబా తన టిఫిన్ డబ్బా మూత తీసి జొన్నరొట్టె ఆయన ముందుకి జరిపింది. ఆయన చెయ్యి చాపాడు. ఆ చేతి గోళ్లు పెరుగుతున్నాయి. మొలకల్లాగా, తొందర లేకుండా, వేలి చివర దాటి వస్తున్నాయి. లూదియా మొహం కేసి చూసింది. గడ్డం నల్లగా మొలిచి, నిండి, తెల్లబడుతోంది. బుగ్గలు లోపలికి పోతున్నాయి. చొక్కా కాలర్ మెడ చుట్టూ వదులవుతోంది. విత్తు నుంచి నూర్పిడి దాకా గడవకుండా ఆగిన రోజులన్నీ, ఒక్కటీ తప్పకుండా, వరసగా వచ్చి ఆయన మీద కూర్చుంటున్నాయి.

సంజీవయ్య వాకిట్లోంచి అడిగాడు. "ఏది ఉంచుదాం మా?"

"బూడిదది ఉంచప్పా" అన్నాడు ఏలీయా. "అది ఎవుర్నీ పట్టుకోదు." దగ్గు మొదలైంది. ఈసారి పూర్తిగా వచ్చింది, లోతు నుంచి. తుండుగుడ్డ నోటికి అడ్డం పెట్టుకుని, తీసి చూసి, మడిచి జేబులో పెట్టుకున్నాడు. రొట్టె తుంచాడు.

"ఏమేమి రాసినారో అంతా తెలుగులో చదువు మే," అన్నాడు. గొంతు సన్నగా వచ్చింది. "నిదానంగా చదువు. తింటా వింటా."

పేజీ పైన తేదీ ఉంది. శనగ విత్తే రోజుల నాటిది, నాలుగు నెలల కిందటిది.

లూదియా మళ్లీ మొదటి పేజీకి పోయింది. నెల లోపల అన్న మాట ఎంత ఆలస్యంగా వస్తే అంత మేలని, ఆస్పత్రి పేరు దగ్గర్నుంచి, ఒక్కొక్క అక్షరమే చదవడం మొదలుపెట్టింది.