కెమెరా తిప్పాక అడిగిన ప్రశ్న

టీవీలో తన మొహం చూసుకున్న లెక్కల టీచరుకు అరికాలి మంట నెత్తికెక్కింది. మొహం తనదే, గొంతు తనదే, మాటలూ తన నోట్లోంచి వచ్చినవే. ఆ ప్రశ్న మాత్రం ఆమెను ఎవ్వరూ అడిగిన పాపాన పోలేదు.

"మీ స్కూలు మెట్ల రెయిలింగ్ ఊడిపోయేలా ఉందని మీకు ముందే తెలుసా?" అని తెర మీద విలేకరి అమ్మాయి కనుబొమలు ముడిచి అడిగింది. వెంటనే టీచరమ్మ మొహం. "తెలుసండీ. మొదటి నుంచీ తెలుసు. ఇంట్లో అందరం నవ్వుకునేవాళ్ళం." పైగా చివర్లో చిరునవ్వొకటి!

ఆ రెయిలింగ్ ఊడి కింద పడింది ఎవరనుకున్నారు? టీచరమ్మ సొంత తమ్ముడి కూతురు. ఆమె పాఠం చెప్పే బడిలోనే చదువుతోంది. తొడ ఎముక విరిగి, నడుము దాకా సిమెంటు కట్టుతో మంచాన పడి ఉంది. పిల్లలు లేని టీచరమ్మకు ఆ పిల్లంటే పంచప్రాణాలు. పడిన రోజు నుంచి బడి వదలగానే తమ్ముడింటికి పరుగెత్తడం, పిల్ల తల నిమురుతూ కూర్చోవడం, ఇదే పని. అలాంటి మనిషి, రెయిలింగ్ వదులుగా ఉందని తెలిసి నవ్వుకుందట! వినేవాళ్ళకైనా సిగ్గుండాలా వద్దా?

విన్నవాళ్ళు నమ్మారు. ఊళ్ళోవాళ్ళు నమ్మితే పోనీలే అనుకునేది. మరదలూ నమ్మింది. మర్నాడు టీచరమ్మ వెళ్ళేసరికి తలుపు సగమే తెరిచి, అడ్డంగా నిలబడింది.

"నేనలా అనలేదమ్మా. నా మాట నమ్ము."

"నా రెండు కళ్ళతో చూశాను వదినా. మీ నోటితో మీరే అన్నారు. ఇంక దాని మంచం దగ్గరికి మీరు రావద్దు."

తలుపు మూసుకుంది. లోపల్నుంచి "అత్తా" అని పిల్ల పిలవడం టీచరమ్మకు వినపడింది.

అసలు జరిగిందేమిటంటే, ఇంటర్వ్యూకి ముందు మెడ దగ్గర చిన్న మైకు తగిలించి, గొంతు సరిగ్గా పడుతోందో లేదో చూసుకుంటూ విలేకరి అమ్మాయి సరదాగా ఒక మాట అడిగింది. "పాపకి లెక్కల పీరియడ్ అనగానే కడుపునొప్పి వచ్చేదట కదా, మీకు తెలుసా?" అని. దానికి చెప్పిన జవాబది! రెయిలింగ్ సంగతి అడిగినప్పుడు, "తెలిసి ఉంటే నేనే తాడు పెట్టి కట్టేదాన్ని కదండీ" అని ఏడ్చేసింది. ఆ ముక్క మాత్రం ఎటు పోయిందో పోయింది.

టీచరమ్మ తిన్నగా ఛానెల్ ఆఫీసుకు వెళ్ళింది. ప్రొడ్యూసరు అద్దాల గదిలో, మెడలో హెడ్‌ఫోన్లు వేలాడేసుకుని కూర్చున్నాడు. తప్పు చేసిన మనిషిలా కంగారు పడతాడేమో అనుకుంది. ఎక్కడా! కొత్త పాఠం చెబుతున్నంత హుషారుగా అందుకున్నాడు.

"దీన్ని రివర్స్ అంటాం మేడం. బయటికెళ్తే మా దగ్గర ఒకటే కెమెరా. ముందు మీ మీద పెట్టి మీ జవాబులన్నీ తీసేస్తాం. మీరు లేచి వెళ్ళాక కెమెరా అటు తిప్పి, మా అమ్మాయి చేత ప్రశ్నలు మళ్ళీ అడిగిస్తాం. రెండూ కలిపి కుడితే ఎదురెదురుగా మాట్లాడుకున్నట్టే ఉంటుంది. మధ్యలో జాలిగా తల ఊపింది చూశారూ? అది కూడా ఖాళీ కుర్చీకే!"

"కుర్చీకి తల ఊపితే ఊపింది. కుర్చీని అడిగిన ప్రశ్న, నన్నడిగిన ప్రశ్నే అయి ఉండాలా వద్దా?"

"ఉండాలి మేడం... కాకపోతే ఎడిటింగ్‌లో కాస్త పదును పెడతాం," అని నీళ్ళు నమిలాడు.

"పదును పెట్టుకోడానికి నా బతుకే దొరికిందా? కోతలు పడకముందు తీసింది మొత్తం ఉంటుందిగా. అది చూపించండి, నా మరదల్ని తీసుకొస్తాను."

"రషెస్ బయటివాళ్ళకి చూపించం మేడం. రూలు."

అబద్ధం ఊరంతా చూడొచ్చట, నిజం చూపించడానికి మాత్రం రూలు అడ్డమట! టీచరమ్మ నోటికొచ్చినట్టు తిట్టింది. కాపలావాడు వచ్చి మర్యాదగా మెట్లు దింపాడు.

సాయంత్రం తమ్ముడు తలొంచుకుని ఆమె ఇంటికి వచ్చాడు. పెళ్ళానికి ఎదురు చెప్పలేడు, అక్కను చూడకుండా ఉండలేడు. ఆ ఛానెల్ వాళ్ళే రేపు పిల్ల తల్లితో మాట్లాడ్డానికి వస్తున్నారని గొణిగాడు.

"వద్దని చెప్పమంటావా అక్కా?"

"రానీరా. ఒక్క సాయం చెయ్యి. అంతా అయిపోయింది, మీరు లోపలికెళ్ళండి అని వాళ్ళంటారు. అప్పుడు నీ పెళ్ళాం ఆ గదిలోంచి కదలకూడదు. నేను చెప్పానని మాత్రం చెప్పకు."

మర్నాడు టీచరమ్మ తమ్ముడింటి బయట, మెట్ల మలుపులో నిలబడింది. చప్పుడు పడకూడదని వాళ్ళు కిటికీలు మూయించారు, ఫ్యాను ఆపించారు, తలుపూ వేయించారు. లోపల ఏం మాట్లాడుకుంటున్నారో ఒక్క ముక్క వినపడదు. దొంగలా ఇక్కడ నిలబడాల్సిన ఖర్మ నాకేమిటని ఆమెకు కళ్ళనీళ్ళు తిరిగాయి.

ఉన్నట్టుండి లోపల మరదలి కేక. తలుపు భళ్ళున తెరుచుకుంది. కెమెరా అతను స్టాండు చంకన పెట్టుకుని ముందు బయటపడ్డాడు. వెనకాల విలేకరి అమ్మాయి. ఆమె వెనకాల మెడ దగ్గర మైకు తీగ వేలాడుతూ మరదలు.

"స్కూలు ఓనరమ్మ ఆసుపత్రికొస్తే మీకేమనిపించింది అనడిగావా లేదా? ఆవిడ మొహం చూడబుద్ధి కాలేదన్నాను. ఇప్పుడా కుర్చీని ఏమడిగావ్? మీ ఆడపడుచు వస్తే ఏమనిపించింది అనా? నేనక్కడే నిలబడి ఉండగానే!"

"నాకు రాసిచ్చింది చదివానండీ. మామూలు టెక్నిక్ అది..."

"నీ టెక్నిక్ తగలెయ్య! ఇలాగే కదూ మా వదిన్నీ చేశారు?" మైకు పీకి ఆ అమ్మాయి చేతిలో కొట్టింది.

వాళ్ళు గబగబా మెట్లు దిగిపోయారు. తీసిందంతా వాళ్ళతోనే పోయింది. అప్పుడు గానీ మరదలు మలుపులో ఉన్న మనిషిని చూడలేదు. ఒక్కసారిగా మొహంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది.

"వదినా... మీ గురించి నేనలా అనలేదు. రేపు టీవీలో అన్నట్టే వస్తుంది. నా మొహమే ఉంటుంది, నా గొంతే ఉంటుంది. కానీ ఒట్టు, నేనలా అనలేదు."

"వస్తే రానీ. అనలేదని చెప్పావుగా. నాకది చాలు."

మరదలు తలుపు పట్టుకుని అక్కడే గడప మీద కూలబడిపోయింది.

"నన్ను నాలుగు తిట్టండి వదినా."

"తిట్టకుండా ఎక్కడికి పోతాను? కడుపు నిండా తిడతాను. ముందు పిల్లని చూడనీ, అడ్డు లే."