రెండు చెవుల మనిషి కావాలి

ఎలీషా అరచేతిని పెట్టె మీద ఆనించి చూశాడు. వెచ్చగానే ఉంది. ఎనిమిది నెలలుగా పొద్దున లేచి ముఖం కడగకముందే ఇంటి ముందరి మైకుసెట్టు కొట్టులోకి వచ్చి చేసే పని ఇది. పెట్టె టిఫిన్ క్యారియర్ గిన్నె అంత ఉంటుంది. గడియారం అంటాడు గానీ దానికి ముళ్లుండవు, అంకెలుండవు. లోపల గోరంత స్ఫటికం, దాన్ని ఎప్పుడూ ఒకే వేడిలో ఉంచే చిన్న పొయ్యి, పైన ఒక ఆకుపచ్చ దీపం. చల్లారితే దాని లెక్క చెడుతుంది. అందుకని కరెంటు పోయినా ఆరిపోకుండా పాత జీపు బ్యాటరీ తగిలించాడు.

"మనుషులకు ఫ్యాను నిలబడిపోయినా పర్వాల్యా, రాయికి మాత్రం చలి పెట్టగూడదు," అంటూ రత్నమ్మ టీ గ్లాసు అతని కుడిపక్కన పెట్టింది. ఆమె ఏం చెప్పినా కుడిపక్కకు వచ్చే చెబుతుంది. నడిచినా కుడిపక్కనే, పడుకున్నా కుడిపక్కనే. ఇరవై అయిదేళ్ల అలవాటు.

ఎలీషా ఎడమ చెవి తొంభై నాలుగులో పోయింది. ఒక ఊళ్లో పార్టీ మీటింగు జరుగుతుంటే స్టేజీ కింద యాంప్లిఫయరు ముందు కూర్చుని ఉన్నాడు. నాటుబాంబు ఎడమవైపు పడింది. ఎవరు వేశారని అతను అడగలేదు. జమ్మలమడుగు చుట్టుపక్కల రెండు పార్టీలకూ మైకుసెట్టు కట్టేది తనే అయినప్పుడు అడిగి ఏం చేసుకుంటాడు? చెవికి కట్టు విప్పకముందే అవతలివాళ్ల మీటింగుకు అవే మైకు హారన్లు కట్టి వచ్చాడు. బతుకంటే అంతే మరి.

గడియారం పక్కన ఉన్న రెండో పెట్టె అతను మూడేళ్లు కూర్చుని కట్టింది. మామూలుగా పాటను అంకెల ముక్కలుగా కోసి దాస్తారు. ఇందులో అట్లా కాదు. సెకనుకు ఇరవై ఎనిమిది లక్షల సార్లు ఒకటే మాట, ఉందా, లేదా అని. ఆ ధారను మధ్యలో ఎవరూ ముట్టుకోకుండా నేరుగా శబ్దంగా మార్చేదే ఆ పెట్టె. నేరుగా అంటే నేరుగానే. సౌండు పెంచే గుండీ కూడా దారికి అడ్డం రాకూడదు. అన్ని లక్షల సార్లలో ఒక్కటీ ముందూ వెనుకా పడకుండా బయటినుంచి తాళం వేస్తూ ఉండేది గడియారం పని.

గడియారాన్ని ఇట్లా వేరే పెట్టెలో పెడితే ఎవరి గొంతు ఎక్కడిదో అక్కడే నిలబడి వినిపిస్తుందని పుస్తకంలో రాశారు. అది తెలియడానికి రెండు చెవులు కావాలి. ఒంటిచెవికి అంతా ఒకే మూల నుంచి వస్తుంది. మూడేళ్ల పని కుదిరిందో లేదో కట్టినవాడికే తెలియదంటే ఎంత కడుపుమంటగా ఉంటుంది! రెండు చెవుల మనిషి ఒక్కడు, నాలుగు నిమిషాలు కుర్చీలో కూర్చుని చెబితే చాలు. క్రిస్మసు నాడు మిషను చర్చిలో ఆడవాళ్లు పాడుతుంటే తనే ఆ పాటను ఇదే పద్ధతిలో రికార్డు చేశాడు. సరిగ్గా నాలుగు నిమిషాల పాట.

ఆ నాలుగు నిమిషాలే ఊళ్లో ఎవరి దగ్గరా లేవు. రాని నాయకుడి కోసం నాలుగు గంటలు ఎండలో నిలబడతారు గానీ!

నిన్న పక్క కొట్టు టైలరు ఫకీర్ సాహెబును బతిమాలి కూర్చోబెట్టాడు. రెండో చరణానికే ఆయన గురక పెట్టాడు.

"శానా బాగుందప్పా," అన్నాడు లేచి.

"నడిమధ్యలో పాడింది ఎవరు మామా?"

"అందరూ పాడినారు కదప్పా!"

ఇవాళ పది గంటలకు పార్టీ మనిషి నారాయణ జీపు తెచ్చి కొట్టు ముందు ఆపాడు. ఓట్లకు వారం కూడా లేదు, జీపు మీద హారను గరగరమంటోంది. ఎలీషా అతని చెయ్యి పట్టుకుని కుర్చీలోకి లాగాడు. నారాయణ పాటను పది క్షణాలు విన్నాడు.

"సౌండు చాల్లేదు ఎలీషా. పెంచు."

"పెంచేకి కాదప్పా. నేరుగా వస్తాది ఇది."

"పెంచేకి గూడా రానిది ఏం మిషనప్పా? మూడేండ్లు దీనికా కూచున్నావు?" నారాయణ లేచాడు. "లెయ్, లెయ్. మైలవరం పోవల్ల. నువ్వు గూడా రావల్ల, ఆడ మళ్లా చెడిపోతే ఎవురు చూస్తారు?"

ఎలీషాకు ఒళ్లు మండింది. స్క్రూడ్రైవరు విసిరి కొట్టాలనిపించింది. దాన్నే జేబులో పెట్టుకుని జీపెక్కాడు. మైలవరంలో ఒంటిగంట ఎండలో జీపు టాపు మీద నిలబడి హారను విప్పి మళ్లీ కట్టాడు. రేకు అరికాళ్లను కాల్చేస్తోంది. నాయకుడు మూడున్నరకు వచ్చి ఏడు నిమిషాలు మాట్లాడి పులివెందుల రోడ్డు పట్టాడు. ఎడమ భుజం కింద ఏదో పట్టేసినట్టుంటే గ్యాసు అనుకుని ఎలీషా నిమ్మకాయ సోడా తాగాడు. జీపు నాయకుడి వెనకే పోయింది. ఎలీషా ఆటోలో కొట్టుకు తిరిగొచ్చాడు.

రత్నమ్మ ముఖం చూడగానే కనిపెట్టింది. చొక్కా చెమటకు తడిసి ఒంటికి అంటుకుపోయింది, పెదాలు తెల్లబడ్డాయి.

"ఏందయ్యా అట్లుండావు? ఆసుపత్రికి పోదాం పా."

"పోదాంలే. ముందర నాలుగు నిమిషాలు కూచో మే."

"నీ మిషన్లో మన్నుబొయ్య! ఇప్పుడా?"

"నువ్వన్నా కూచో. పొద్దన్నుంచీ ఎవురూ కూచోలేదు." అతను కుర్చీని ఆమె వైపు జరిపాడు. "విని చెప్పు. ఆటో పిలుస్తా."

మొండివాడు, తను వినకపోతే కదలడు. వాదిస్తే పది నిమిషాలు పోతాయి, వింటే నాలుగే. ఆమె విసురుగా కుర్చీలో కూర్చుంది. అతను పాట పెట్టి, ఆమె వెనక పెట్టెల పక్కన స్టూలు మీద కూర్చుని గోడకు ఆనుకున్నాడు.

ముందు చర్చి గాలి వినిపించింది. ఎక్కడో బెంచీ జరిగింది. తర్వాత పాట. కుడి కొసన యేసమ్మ, ఆమె పక్కన వరమ్మ, అంత స్పష్టంగా వేలు పెట్టి చూపించవచ్చు. నడిమధ్యలో తన గొంతే తన ఎదుట నిలబడి పాడుతుంటే రత్నమ్మకు సిగ్గేసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కోపం ఎటు పోయిందో తెలియలేదు.

రెండో చరణం అయిపోతుండగా ఎడమవైపు ఎవరో దగ్గారు.

"ఈపక్కకెందుకొస్తివి?" అని ఆమె గబుక్కున ఎడమకు తిరిగింది. గోడా, హారన్ల కుప్పా తప్ప ఎవరూ లేరు. అప్పుడు గుర్తొచ్చింది. ఆ రోజు అతను జలుబుతో మైకులకు ఎడమపక్కన కింద కూర్చుని ఉన్నాడు. ఆమెకు నవ్వొచ్చింది.

పాట అయిపోయింది. "కుదిరిందయ్యా," అంది తల తిప్పకుండానే, గొంతు నిండా సంతోషంతో. "యేసమ్మోళ్లు ఆ కొసన ఉండారు, నేను నడిమధ్యలో ఉండా. నువ్వు దగ్గింది గూడా యాడ దగ్గినావో ఆడే ఉండాది."

కొంగు సర్దుకుంటూ అతను ఏమంటాడోనని ఆగింది.

చెవిటి వైపు నుంచి చెప్పానేమో అనుకుంది. లేచి, స్టూలు దాటి అతని కుడిపక్కకు వచ్చి, వంగి, అదంతా మళ్లీ మొదటినుంచి చెప్పింది. సగం చెప్పాక ఆగిపోయింది. కళ్లద్దాలు ముక్కు మీదికి జారి ఉన్నాయి. కుడి అరచెయ్యి గడియారం పెట్టె మీద ఆని ఉంది.

ఆమె అరిచిన అరుపుకు ఫకీర్ సాహెబు పరుగెత్తుకొచ్చాడు. ఆటో వచ్చింది గానీ డాక్టరు చేసేదేమీ మిగల్లేదు.

మర్నాడు సమాధి దగ్గరినుంచి జనం తిరిగొచ్చేసరికి నారాయణ మనుషులు వచ్చి హారన్లు తీసుకుపోయారు. ఫకీర్ సాహెబు కొట్టులో మెయిన్ స్విచ్చి కట్టేసి, తలుపు వేసి, తాళంచెవి రత్నమ్మ చేతిలో పెట్టాడు. లోపల చీకట్లో జీపు బ్యాటరీ మీద ఆ చిన్న పెట్టె వెచ్చగా ఉంది, దాని ఆకుపచ్చ దీపం వెలుగుతూనే ఉంది.