సాజిదా వేలిగుర్తుల రాయి

ఆళ్ళగడ్డలో పొద్దు ఉలుల చప్పుడుతోనే మొదలవుతుంది. శిల్పి రామయ్య పనిసాలలో ఆయన చెక్కుతాడు, బాబ్జాన్ నునుపు చేస్తాడు. నందైనా నాగదేవతైనా బాబ్జాన్ చేతికిందికి రాకుండా గుడికి పోయేది లేదు. తొమ్మిదో తరగతి చదివే ఆయన కూతురు సాజిదా కూడా పొద్దున్నే ఓ గంట ఉప్పుకాగితం నీళ్ళలో తడిపి రాయి రుద్ది, చేతులు కడుక్కుని నంద్యాల బస్సెక్కేది. ఆమె చదివేది అక్కడి కథోలిక సిస్టర్ల బడిలో.

రాయి రుద్దేవాళ్ళకు వేలిగుర్తులు మిగలవు. రాయి అరిగించేస్తుంది. అయితే అరిగించినదాన్ని పారెయ్యదు, దాచుకుంటుంది. ఎవరికి వాళ్ళు మొదట రుద్దిన రాతిముక్క మీద వాళ్ళ పదివేళ్ళ గుర్తులూ ఒక్క గీత పొల్లుపోకుండా పైకి లేస్తాయి. ఆ ముక్కను వాళ్ళు దగ్గరే ఉంచుకుంటారు. రేషన్ అంగట్లో మిషన్ బాబ్జాన్ బొటనవేలిని ఎన్నడూ గుర్తుపట్టిన పాపాన పోలేదు.

"రాయి తెచ్చినావా అన్నా?" అని అంగడి భారతమ్మే చెయ్యి చాపుతుంది. రాయి ఆనించగానే మిషన్ కూస్తుంది, బియ్యం సంచిలో పడతాయి. తిన్నింటి వాసాలు లెక్కపెట్టే మనుషులున్న లోకంలో, తిన్నదాన్ని భద్రంగా దాచిపెట్టే రాయి ఎంతో నయం కదా.

ఆ ఏడు బడివాళ్ళు పన్నెండుమంది పిల్లల్ని రోము, ఫ్లోరెన్సు లాంటి పాత నగరాలు చూపించడానికి ఇటలీ తీసుకుపోతామన్నారు. చరిత్ర పరీక్షలో మొదటొచ్చిన వాళ్ళకు ఖర్చంతా బడిదే. సాజిదా మొదటొచ్చింది.

"ఆడ రాళ్ళు ఎట్ల చెక్కినారో బాగా చూసిరామ్మా. వచ్చి నాకు చెప్పాల" అన్నాడు రామయ్య.

వీసాకు వేలిగుర్తులివ్వడానికి హైదరాబాదు పోవాలి. తప్పు జరిగింది అప్పుడే. సాజిదా తన రాయిని సంచిలో వేసుకోబోతే బాబ్జాన్ తీయించేశాడు.

"ఇది రేషన్ అంగడి కాదమ్మా, దొరల ఆఫీసు. రాయి తీస్తే నవ్వుతారు."

ఆఫీసులో మిగతా పదకొండుమందికీ గుర్తులు పడ్డాయి. సాజిదా గాజుపలక మీద వేళ్ళు పెట్టింది, తుడిచి పెట్టింది, ఊది పెట్టింది. తెర మీద తెల్లటి మచ్చలు తప్ప ఏమీ రాలేదు.

"వేళ్ళు లేవు" అన్నాడు అక్కడి ఉద్యోగి, ఆ పిల్ల పదివేళ్ళూ చూస్తూనే. "శుక్రవారం దాకానే గడువు."

పిల్లల్ని తీసుకొచ్చిన సిస్టర్ మేరీ తిరుగు బస్సులో సాజిదా పక్కన కూర్చుంది. "బాధపడకమ్మా. రెండో మార్కు జాహ్నవిది, ఆ అమ్మాయిని పంపిద్దాం. నువ్వు కొన్నాళ్ళు ఆ రాళ్ళు ముట్టుకోకు. వేళ్ళు బాగుపడితే వచ్చే ఏడు చూద్దాం."

సిస్టర్ మంచిదే. మంచివాళ్ళు మెత్తగా చెప్పే మాటకే ఒళ్ళు ఎక్కువ మండుతుంది.

"నా వేళ్ళకేం చెడింది సిస్టర్, బాగుపడేదానికి? గుర్తులు యాడికీ పోలేదు, మా ఇంట్లో గూట్లో ఉండాయి. తెచ్చుకుంటా. సీటు నాది."

"రాయి సంగతి నాకూ తెలుసమ్మా. వాళ్ళు ఒప్పుకోవద్దూ?"

"ఒప్పుకునేదాకా నేను లేసిరాను."

ఇంటికొచ్చి చెబితే బాబ్జాన్ తలొంచుకున్నాడు. "నాదే తప్పు. నవ్వుతారేమోనని..."

"నవ్వనీ నాయనా! ఇరవై ఏండ్లుగా దేవుళ్ళ మొగాలకు మెరుపు తెస్తాండావ్. నువ్వు సిగ్గుపడేదేందీ?"

ఈసారి బాబ్జాన్ తనే రాయిని తెచ్చి కూతురి అరచేతిలో పెట్టాడు. కోడిగుడ్డంత నల్లరాయి. ఏడేళ్ళ వయసులో ఆమె మొదట రుద్దిన నంది గిట్టలోంచి రాలిన ముక్క.

శుక్రవారం నాడు అదే కుర్చీ, అదే ఉద్యోగి. రాయిని చూసి అడ్డంగా తలూపాడు. "వేళ్ళే పెట్టాలి."

"మీకు వేళ్ళు కావాల్నా, గుర్తులు కావాల్నా సార్?"

"గుర్తులు."

"ఇవి నావే. పెట్టుకోండి."

"రూలు లేదమ్మా. లే."

సాజిదా లేవలేదు. వెనక వరుసలో జనం సణిగారు, గొణిగారు. సిస్టర్ మేరీ ఆమె చొక్కా చెయ్యి పట్టి లాగింది. అయినా లేవలేదు. చివరికి అతను రాయి అందుకుని అటూఇటూ తిప్పాడు.

"ఎక్కడ మీది?"

"ఆళ్ళగడ్డ."

"ఆళ్ళగడ్డ రాయని మొన్ననే చెప్పొద్దా?" అని విసుక్కుంటూ గాజు తుడిచి తనే రాయి ఆనించాడు. మిషన్ కూసింది.

రోములో గైడు వాళ్ళను ఒక పాలరాతి స్తంభం ముందు నిలబెట్టింది. కట్టించిన చక్రవర్తి పేరు చెప్పింది, గెలిచిన యుద్ధాల పేర్లు చెప్పింది. పిల్లలు పుస్తకాల్లో రాసుకున్నారు. సాజిదా రాసుకోలేదు.

"దీన్ని రుద్దిందెవురు?"

సిస్టర్ మేరీ ఆ ప్రశ్నను ఇంగ్లీషులో అడిగింది. అదెవరూ రాసిపెట్టలేదంది గైడు.

సాజిదా అడ్డం కట్టిన తాడు కిందినుంచి దూరి పోయి స్తంభానికి పదివేళ్ళూ ఆనించింది. చల్లటి రాయి కాసేపటికి వెచ్చబడింది. ఆమె వేళ్ళ చుట్టూ, ఎన్నడో దాన్ని రుద్దిన మనిషి గుర్తులు ఒక్కొక్కటే పైకి లేచాయి. చిన్న చేతులు. తన ఈడు పిల్లవే.

కాపలావాడు అరుస్తూ పరిగెత్తుకొచ్చాడు. అతని భాష రాకపోయినా ముట్టుకోవద్దంటున్నాడని ఎవరికైనా తెలుస్తుంది. సాజిదా చెయ్యి తీయలేదు. "ముట్టుకోకుండానే ఇంత నునుపు యాడనుంచి వచ్చిందప్పా?"

అతనికి అర్థం కాలేదు. అప్పుడు సిస్టర్ మేరీ కూడా తన తెల్లబట్టలు ఎత్తిపట్టుకుని తాడు కిందినుంచి దూరి వచ్చింది. పిల్లకు ముందు నిలబడి, ఆ మాటను ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో చెప్పింది.

సాజిదా తిరిగొచ్చి మళ్ళీ ఉప్పుకాగితం పట్టింది. అక్కడ లేచిన గుర్తులు మాత్రం మళ్ళీ రాతిలోకి పోలేదు. ఇప్పుడు ఆ స్తంభం దగ్గరికి ఎవరొచ్చినా గైడ్లు ముందు దాన్ని రుద్దిన ఆ పిల్ల చేతులు చూపిస్తారు, చక్రవర్తి పేరు తర్వాత చెబుతారు.