పర్లేదు మాస్టారూ

కప్పు కింద పడగానే బేకరీ అక్కకి ముందు కోపం రాలేదు, కంగారొచ్చింది. కోపం ఆ తర్వాత వచ్చింది. వచ్చింది వచ్చినట్టే ఉంది, ఇవాళ్టిదాకా దిగలేదు.

వాళ్లు నలుగురు. వీధి చివర బ్రెడ్డు కాల్చి అమ్మే ఆవిడ బేకరీ అక్క. పిల్లా పెద్దా అందరూ ఆమెను అలాగే పిలుస్తారు. ఆమె తమ్ముడు గడియారాలు బాగుచేస్తాడు. మూడో మనిషి డ్రైవింగు స్కూలు మాస్టారు. నాలుగో ఆయనకి ఫొటో స్టూడియో ఉంది కాబట్టి ఆయన పేరే స్టూడియో అయి కూర్చుంది. సెలవు రోజుల్లో కలిసి చిన్నాచితకా కొండలెక్కే ఈ నలుగురూ, ఈసారి ఏడాది పొడుగునా మంచు కరగని పెద్ద శిఖరం మీద కన్నేశారు. ఊళ్లకి దూరంగా, దారీ తెన్నూ లేని చోటు. పొద్దున బయల్దేరి సాయంత్రానికి మంచు మధ్యలో ఉన్న రాతిగదికి చేరాలి. రాత్రి అక్కడ తలదాచుకుని, తెల్లారగానే శిఖరమెక్కి, అటునుంచి అటే దిగిపోవాలి.

నాయకుడు మాస్టారు. ఎవరు పెట్టారయ్యా అంటే ఎవరూ పెట్టలేదు. మిగతా ముగ్గురికీ కారు నడపడం నేర్పింది ఆయనే. ఆనాటి నుంచి ఈనాటి దాకా వాళ్ల పక్కసీట్లో కూర్చుని బ్రేకు మీద కాలు పెట్టుకునే ఉన్నాడు.

సరే, ఎక్కారు. నడుములకి ఒకే తాడు కట్టుకుని, అందరికంటే ముందు మాస్టారు, వెనకాల తమ్ముడు, ఆ వెనక స్టూడియో, చివర అక్క. మధ్యాహ్నం దాటాక మంచు పొగ కమ్మేసి, ముందున్న మనిషి వీపు తప్ప ఇంకేమీ కనిపించలేదు. ఎట్టకేలకు రాతిగదికి చేరారు. ఆ ఇరుకు గదిలో ఒక ఇనప పొయ్యి, చెక్క బల్లలు, మూలన ఎవరో వదిలిపెట్టిపోయిన కాసిని కట్టెలు ఉన్నాయి. అక్క పొయ్యి రాజేసి, మంచు కరిగించి టీ కాచింది. ముందు తమ్ముడికే ఇచ్చింది. వాడు పట్టుకున్నట్టే పట్టుకున్నాడు. కప్పు వేళ్ల సందులోంచి జారి టీ అంతా నేలపాలైంది.

"అయ్యో, సారీ అక్కా," అంటూ వంగి, కప్పును రెండు అరచేతుల మధ్యా ఇరికించి పైకెత్తాడు. వేళ్లు మడతపడటం లేదు.

"ఏదీ, చేతులు చూపించు."

"ఏం లేదక్కా. కాస్త తిమ్మిరెక్కాయంతే. పర్లేదు."

పర్లేదు! ఆ ఒక్క మాట మీద ముప్పయ్యేళ్లుగా బతుకుతున్నాడు వాడు. జుట్టు కత్తిరించే అతను ఒకవైపు గొరిగేసి నాలిక్కరుచుకుంటే పర్లేదన్నాడు. బస్సులో ఒకాయన కాలు తొక్కితే పర్లేదనడమే కాక, తన కాలు అడ్డం ఉన్నందుకు క్షమాపణ కూడా చెప్పాడు. నోట్లో నాలుక లేని మనిషి. ఎదుటివాడు ఏమనుకుంటాడో అన్న ఒక్క భయం తప్ప ఇంకే భయమూ ఎరగనివాడు. చదువు అబ్బలేదు, మాటకారితనం లేదు, బేరమాడటం రాదు. వాడికి ఉన్నదల్లా ఆ పది వేళ్లు. వెంట్రుకంత స్ప్రింగును పట్టుకుని దాని చోట్లో దాన్ని కూర్చోబెట్టగల వేళ్లు. పక్క ఊళ్ల నుంచి కూడా జనం తాతల నాటి గడియారాలు పట్టుకుని వాడి షాపు వెతుక్కుంటూ వచ్చేది ఆ వేళ్ల కోసమే.

అక్క వాడి చేతులు లాక్కుని పల్చటి లోపలి గ్లోవ్స్ విప్పింది. వేళ్ల చివర్లు తెల్లగా, కొవ్వొత్తుల్లా గట్టిగా ఉన్నాయి. గోటితో నొక్కితే వాడికి తెలియలేదు.

"నీ పెద్ద గ్లోవ్స్ ఏవిరా?"

తమ్ముడు పొయ్యి వైపు చూశాడు. పొయ్యి పైన మేకుకి దళసరి బొచ్చు గ్లోవ్స్ వేలాడుతున్నాయి. వాటిని అంత పొందిగ్గా ఆరేసుకున్నది మాస్టారు.

"అవి నీవి కదా?"

జవాబు చెప్పింది స్టూడియో. పొగ కమ్మకముందు దారిలో ఒకచోట ఆగినప్పుడు, అక్క ఇంకా తాడు చివర రాతి మలుపు వెనకే ఉండగా, మాస్టారు ఫొటోకి నిలబడ్డాడట. చేతులు రెండూ పైకెత్తి, శిఖరాన్ని అప్పుడే జయించేసినట్టు. వేళ్లు విడివిడిగా కనిపించాలని గ్లోవ్స్ తీసి సంచీ మీద పెట్టాడట. గాలొచ్చి రెండింటినీ లోయలోకి పట్టుకుపోయింది. 'ఎవరి దగ్గరైనా ఇంకో జత ఉందా' అని మాస్టారు అడిగితే, తమ్ముడు తన గ్లోవ్స్ విప్పి ఇచ్చేశాడు.

"ఇంకో జత ఉందన్నాడమ్మా మరి," అన్నాడు మాస్టారు, బల్ల మీద కాళ్లు చాపుకుంటూ. "ఉందంటేనే తీసుకున్నాను."

"ఉందా?" అంది అక్క తమ్ముడితో.

"ఆయన ముందు నడవాలి కదక్కా. గొడ్డలితో మంచులో మెట్లు కొట్టాలి. నేనైతే వెనకాల జేబుల్లో చేతులు పెట్టుకుని..."

"ఉందా లేదా?"

"లేదు."

అరికాలి మంట నెత్తికెక్కిందామెకి. అయినా అప్పుడు తిట్టడానికి తీరిక లేదు. మంచు కరిగించి, గిన్నెలో వేడీ చల్లా కలిపి గోరువెచ్చగా తొరిపి, మోచెయ్యి ముంచి చూసుకుని వాడి చేతులు అందులో పెట్టింది. నీళ్లు చల్లారుతుంటే మళ్లీ మళ్లీ వేడినీళ్లు కలిపింది. నెత్తురు తిరిగొచ్చేటప్పుడు ప్రాణం పోయేంత నొప్పి. తమ్ముడి కళ్లవెంట ధారగా నీళ్లు కారుతున్నాయి, గొంతు మాత్రం పెగలదు. పెదవులు కొరుక్కుంటూ కూర్చున్నాడు. ఒక్కసారి ఉండబట్టలేక మూలిగితే, పడుకున్న మాస్టారు అటునుంచి ఇటు దొర్లాడు. "సారీ మాస్టారూ, నిద్ర పాడుచేశాను," అన్నాడు తమ్ముడు. అక్కకి ఆ గిన్నెడు నీళ్లూ వాడి నెత్తిన గుమ్మరించాలనిపించింది.

వేళ్లు ఎర్రబడి, ఉబ్బి, నీటిపొక్కులు లేచాయి. ఆమె శుభ్రమైన గుడ్డ చింపి, వేలికి వేలికి మధ్య వత్తి పెట్టి వదులుగా కట్టింది. మంచుకొండ ఎక్కబోయేముందు నేర్పిన క్లాసులో నలుగురూ ఒకే బెంచీ మీద కూర్చున్నారు. గడ్డకట్టి తేరుకున్న వేలు రెండోసారి గడ్డకడితే ఇక దాని మీద ఆశ వదులుకోవాల్సిందేనని అక్కడ చెప్పారు. నలుగురూ విన్నారు. మాస్టారైతే అర్థమైనట్టు తల కూడా ఊపాడు.

తెల్లారేసరికి ఆకాశం కడిగిన పళ్లెంలా ఉంది. శిఖరం చెయ్యి చాపితే అందేలా కనిపిస్తోంది. మాస్టారు అప్పటికే బూట్లకి ఇనప ముళ్ల పట్టీలు బిగించుకుని, గొడ్డలి పట్టుకుని, చేతులకి తమ్ముడి గ్లోవ్స్ తొడుక్కుని గుమ్మంలో నిలబడ్డాడు.

"నేనూ స్టూడియో అలా పైకెళ్లి ఇలా వచ్చేస్తాం. మీ అక్కాతమ్ముళ్లు ఇక్కడే రెస్టు తీసుకోండి. వచ్చాక నలుగురం కలిసి దిగుదాం."

"కట్టెలు అయిపోయాయి," అంది అక్క. "మధ్యాహ్నానికి మళ్లీ నిన్నటి పొగే కమ్ముతుంది. వీడు వెంటనే డాక్టరు దగ్గరికి చేరాలి. ఇప్పుడే దిగుదాం. ఆ గ్లోవ్స్ ఇటివ్వండి."

"ఇచ్చేస్తే నేనెలా ఎక్కుతానమ్మా?"

"ఎక్కడం గురించి కాదు నేను మాట్లాడేది. మీరు వచ్చాకైనా వాడు దిగాలి కదా. అప్పుడు వాడేం తొడుక్కోవాలి? వాడికిస్తే మీరేం తొడుక్కుంటారు?"

మాస్టారు దాని గురించి ఆలోచించనేలేదు. ఆ సంగతి ఆయన మొహంలోనే తెలిసిపోతోంది. "దిగేటప్పటి సంగతి దిగేటప్పుడు చూద్దాంలే," అన్నాడు.

అక్క తన గ్లోవ్స్ వాడికి ఎక్కించాలని రాత్రే చూసింది. స్టూడియోవి కూడా చూసింది. ఉబ్బిన వేళ్ల మీద కట్లతో అవి మణికట్టు దాకా కూడా రాలేదు. లోపల వేళ్లకి అరలు లేకుండా సంచీలా ఉన్నది ఆ ఒక్క జతే. వాడు కొనుక్కున్న జత.

"మీ సంచీలో ఉన్ని మేజోళ్లున్నాయి. చేతులకి అవి తొడుక్కుని దిగండి," అంది.

"మేజోళ్లా? మేజోళ్లతో గొడ్డలి నిలుస్తుందా? శిఖరం ఎక్కడమంటే పిల్లలాటా?"

"ఓహో. ఆయనగారి చేతికి గొడ్డలి జారుతుందట! ఏమయ్యా స్టూడియో, నువ్వైనా ఒక మాట చెప్పవయ్యా."

స్టూడియో కెమెరా అద్దం తుడుచుకుంటున్నాడు. నిన్నటి నుంచీ అదే తుడుస్తున్నాడు. "ఇద్దరు చెప్పేదాంట్లోనూ న్యాయముంది," అన్నాడు. గోడమీద పిల్లికి కూడా ఎప్పుడో ఒకప్పుడు దూకాలనిపిస్తుంది, ఈ మహానుభావుడికి అదీ లేదు.

అప్పుడు మాస్టారు చాలా మర్యాదగా తమ్ముడి వైపు తిరిగాడు. గొంతులో తేనె కలిపాడు.

"గ్లోవ్స్ నీవి, చేతులు నీవి. మధ్యలో మాకెందుకు? నువ్వే చెప్పవోయ్. ఒక్క రెండు గంటలు. నీకేమైనా అభ్యంతరమా?"

తమ్ముడు కట్లు కట్టిన చేతులు ఒళ్లో పెట్టుకుని బల్ల అంచున కూర్చున్నాడు. ఒకసారి అక్కను చూశాడు. ఒకసారి శిఖరాన్ని చూశాడు. తర్వాత నేలచూపులు చూస్తూ అన్నాడు.

"పర్లేదు మాస్టారూ. వెళ్లి రండి."

"విన్నావుగా అమ్మా," అన్నాడు మాస్టారు.

"విన్నాను!" అక్క అరుపుకి కిటికీ అద్దం అదిరింది. "వాడు కాదనలేడని మీకు తెలుసు. తెలిసే వాణ్ణి అడిగారు. నిన్నా అంతే, ఇవాళా అంతే. నన్నెందుకు అడగలేదు? స్టూడియోనెందుకు అడగలేదు? ఎవరిస్తారో చూసుకుని వాళ్ల దగ్గరే చెయ్యి చాపుతారా? నిన్న మీ సంచీలో మేజోళ్లు లేవూ? అప్పుడు తొడుక్కుని ఉంటే వీడి చేతులు ఇలా అయ్యేవా? ఫొటోలో మీ వేళ్లు కనపడాలని వీడి వేళ్లు తీసుకున్నారు కదయ్యా!"

"మాట తూలకమ్మా. నేను నీకంటే పెద్దవాణ్ణి."

"పెద్దవారు కదా, సిగ్గుండాలి మరి. తియ్యండి!"

ఆమె వెళ్లి గుమ్మానికి అడ్డంగా నిలబడింది. మాస్టారికి మొహం కందగడ్డైంది. ఆయన జీవితంలో పక్కసీట్లోని మనిషి ఆయన కాలి కిందున్న బ్రేకు తొక్కడం అదే మొదలు. కాసేపు అటూ ఇటూ చూసి, స్టూడియో నుంచి ఏ సాయమూ రాదని తేల్చుకుని, గ్లోవ్స్ పీకి నేల మీదికి విసిరాడు.

"అక్కా, ఎందుకక్కా ఇదంతా, ఆయనేమనుకుంటారు..." అంటూ తమ్ముడు లేవబోయాడు.

"నోర్మూసుకుని చేతులు చాపు!"

కట్లు కదలకుండా ఆ చేతులకి గ్లోవ్స్ తొడిగింది అక్క. కోపం తమ్ముడి మీదో మాస్టారి మీదో ఆమెకే తేలలేదు. ఇద్దరి మీదా సరిపడా ఉంది.

మాస్టారు మేజోళ్లు తొడుక్కునే దిగాడు. శుభ్రంగా దిగాడు, ఆయన చేతులకేమీ కాలేదు. కింద డాక్టరమ్మ కట్లు విప్పి చూసి, ఇంకొక్కసారి చలి తగిలుంటే తను కత్తి పట్టాల్సొచ్చేదని చెప్పింది. పొక్కులు మానతాయి, చర్మం ఊడి కొత్తది వస్తుంది, అప్పటిదాకా పనిముట్లు ముట్టుకోవద్దంది. తమ్ముడు ఆవిడకి కూడా 'మిమ్మల్ని ఇబ్బంది పెట్టాను' అని చెప్పి మరీ వచ్చాడు.

అక్కడితో అయిపోయిందనుకున్నారా? మాస్టారు ఊరుకునే మనిషి కాదు. కారు నేర్చుకోవడానికి వచ్చిన ప్రతివాడికీ గేర్లకంటే ముందు ఈ కథే చెప్పాడు. శిఖరం ముంగిట్లోకి వెళ్లి వెనక్కి రావలసి వచ్చిందనీ, అంతా ఆ బేకరీ ఆవిడ నోటి చలవేననీ. బ్రెడ్డు కొనడానికి వచ్చినవాళ్లు "ఏం అక్కా, కొండ మీద యుద్ధం చేశావట కదా" అని ఇకిలించారు. వాళ్లను ఆమె లెక్కచెయ్యలేదు. వాళ్ల మాటలకంటే తమ్ముడు వీధిలోకి రావడం తగ్గించడమే ఆమెను ఎక్కువ పొడిచింది. చేతులు మానాయి, షాపు తెరిచాడు, పని మొదలెట్టాడు. బేకరీ ముందునుంచి వెళ్లినా తల తిప్పుకుని వెళ్లిపోతున్నాడు.

ఒకరోజు పొద్దున, బేకరీ కిటకిటలాడే వేళకి, వాడే వచ్చాడు. జనాన్ని తోసుకుని గల్లా బల్ల దాకా వచ్చేశాడు. వాడి మొహం అంత ఎర్రగా ఉండటం ఆమె చిన్నప్పటినుంచీ చూడలేదు.

"నీకిప్పుడు సంతోషమేనా? మాస్టారు వాళ్లు మళ్లీ ఆ కొండకి వెళ్తున్నారు. కొత్తగా ఇద్దర్ని చేర్చుకున్నారు. నన్ను పిలవలేదు!"

"పిలవకపోతే పీడా పోయింది."

"నీకు పీడా! నాకున్న స్నేహితులే ఆ ఇద్దరు. నలుగుర్లో నన్ను చంటిపిల్లాణ్ణి చేశావు. నా గ్లోవ్స్, నేనిచ్చుకున్నాను. నువ్వెవరు మధ్యలో? నీ నోటికి జడిసి నా మొహం చూసేవాడే లేకుండా పోయాడు. నీ పెత్తనం ఈ బేకరీలో చేసుకో, నా మీద కాదు!"

బల్ల మీద దబదబా గుద్దుతున్నాడు, వేలు చూపించి మరీ అంటున్నాడు. చివర్లు ఇంకా లేత గులాబీ రంగులో ఉన్న వేళ్లు, పదికి పదీ ఆమె కళ్లముందు ఆడుతున్నాయి. బన్ను పట్టుకున్న ముసలాయన కొరకడం మానేసి చూస్తున్నాడు.

అక్క చేతిలోని ట్రే బల్ల మీద పడేసింది.

"ఎంత గట్టి గొంతురా నీది! ఇన్నాళ్లూ ఎక్కడ దాచుకున్నావ్? చేతులు చచ్చుబడిపోతుంటే పెగలని గొంతు, నా మీద అరవడానికి మాత్రం మొహమాటమే లేదేంరా నీకు? పద. ఇదే గొంతుతో, ఇలాగే బల్ల గుద్ది, ఆయన దగ్గరికెళ్లి ఒక్క మాట అనిరా. నా చేతులు పోయేవి మాస్టారూ అని. ఆ ఒక్క ముక్క అనిరా చాలు, నేను జన్మలో నీ జోలికి రాను."

తమ్ముడి చెయ్యి గాల్లోనే ఆగింది. మొహంలో ఎరుపు నెమ్మదిగా దిగిపోయింది. చుట్టూ ఉన్న జనాన్ని అప్పుడే చూసినట్టు చూసి, ముసలాయనకి దారి వదిలి పక్కకి తప్పుకుని, గొంతు బాగా తగ్గించి అన్నాడు.

"అలా అంటే ఆయన బాధపడరూ, అక్కా?"