లైనింగు వేసిన మాట

ఇంగ్లీషువాళ్లు తిట్టే ముందు దణ్ణం పెడతారు. అది మోసం. ఈ విషయంలో దర్జీ తీర్పు ఇచ్చేశాడు, అప్పీలు లేదు.

ఆ దణ్ణం నేర్పింది కన్నకూతురే. తన అత్తగారు కోటు కుట్టించుకోవడానికి వస్తోందనగా ముందురోజే వచ్చి కూర్చుంది.

"నాన్నా, పోయినసారి నువ్వు నోరు జారితే ఆవిడ నెల్లాళ్లు నాతో మాట్లాడలేదు. మళ్లీ అలిగిందంటే ఆదివారాలు నేనిక్కడికి రావడం మానుకోవాల్సిందే."

భార్య పోయాక వారంలో ఆయనకు మిగిలింది ఆ ఒక్క ఆదివారమే.

"నిజం చెప్పకుండా ఎలా కుట్టను?"

"చెప్పు. కానీ ముందు 'విత్ డ్యూ రెస్పెక్ట్' అను. మీ మీద గౌరవంతోనే చెబుతున్నానని. మాట మెత్తబడుతుంది."

"కోటుకి లైనింగులాగా."

వీధిబడి చదువు ఇంత చురుగ్గా పనిచేసినందుకు తన్ను తానే మెచ్చుకున్నాడు. లైనింగుంటే పైబట్ట ఎంత గరుకైనా ఫర్వాలేదనుకున్నాడు. కొంప మునిగింది అక్కడే.

మర్నాడు వియ్యపురాలు అద్దం ముందు నిలబడింది.

"నడుము ముప్పైనాలుగు, అన్నయ్యగారూ."

ఆయన టేపు చుట్టాడు. "విత్ డ్యూ రెస్పెక్ట్ చెల్లెమ్మగారూ, అది మీ పెళ్లినాటి మాట. ఇప్పుడు ముప్పైఎనిమిది. అదీ మీరు ఊపిరి బిగబట్టుకుంటే."

"ముప్పై ఏళ్లు ఇంగ్లీషు పాఠం చెప్పాను. ఆ మాట వెనకాల వచ్చేది గౌరవం కాదని నాకు తెలీదా?" ఆవిడ చేతిసంచీ అందుకుంది. "వదిన ఉండి కొలతలు తీసినన్నాళ్లూ నా నడుము ముప్పైనాలుగే. కోటూ చక్కగా పట్టేది."

"దానికి అంకెలు చదవడం రాదు!" అంటూ ఆయన పాత కొలతల పుస్తకం లాగాడు. భార్య చేతిరాత. ముప్పైఎనిమిది.

పేజీలు తిప్పాడు. ఆమె పైకి తగ్గించి చదివిన ప్రతి కొలతా పుస్తకంలో సరిగ్గానే ఉంది. తప్పు చదివిందని తను తిడితే భయపడి దిద్దుకుంటోందని పాతికేళ్లు మురిసిపోయాడు. ఒక్క కొట్టివేతా లేదు, మొదటిసారే సరిగ్గా రాసింది. అందరి ముందూ ఆమెను మొద్దు అనేవాడు. మొద్దు ఎవరో ఇప్పుడు తేలింది.

వియ్యపురాలు గడప దాటబోతోంది.

"టేపు మెలిపడినట్టుంది, చెల్లెమ్మగారూ. ఒక్కసారి ఇటు రండి."

మళ్లీ చుట్టాడు. ముప్పైనాలుగని బిగ్గరగా చదివి, ముప్పైఎనిమిది రాశాడు. అలవాటు లేని పని, గొంతు కీచుమంది. ఆవిడ సంచీ కింద పెట్టింది.

రెండో ఆదివారం కూతురు నవ్వుకుంటూ వచ్చింది. "కోటు భలే కుదిరిందట! ఏం మాయ చేశావు నాన్నా? నేను చెప్పిన మాటేనా?"

ఆయన పుస్తకాన్ని సొరుగులో పెట్టి తాళం వేశాడు.

"విత్ డ్యూ రెస్పెక్ట్, ఆ సంగతి చచ్చేదాకా నా దగ్గర ఎత్తకు. నేనూ ఎత్తను."