గేటు దగ్గర పోయిన మాట

సాయంత్రం బడి గంట కొట్టగానే ఆ స్కూలు గేటు దగ్గర రోజూ ఒకే తంతు జరిగేది. ముందు పిల్లలు తోసుకుంటూ బయటపడేవారు. వాళ్ళ వెనకాల టీచర్లు భుజాన సంచులు తగిలించుకుని, కబుర్లాడుకుంటూ వెళ్ళిపోయేవారు. అందరూ వెళ్ళాక ఆయాలు, ఊడ్చేవాళ్ళు, తోటపని చేసే పెద్దాయన గోడవారగా వరస కట్టి తమ సంచులు విప్పి చూపించేవారు. టిఫిన్ డబ్బా మూత తీయాలి, జేబులు తడిమి చూపాలి, సంచి బోర్లించాలి. వాచ్‌మన్ చూసి "ఊఁ" అంటే కదలాలి. చివరికి ఆ వాచ్‌మన్ కూడా తన సంచి పట్టుకెళ్ళి ఆఫీసు గుమాస్తాకి చూపించి ఇంటికి పోయేవాడు.

ఇందులో తప్పుందని ఎవరూ అనుకోలేదు. మనమైనా అనుకుని ఉండేవాళ్ళం కాదేమో. బీరువాకి తాళం వేసినట్టే ఇదీ ఒక జాగ్రత్త అనుకున్నారు. ఆ పద్ధతి పెట్టింది హెడ్మిస్ట్రెస్. ఆవిడని అందరూ పెద్ద మేడం అంటారు. చెడ్డ మనిషి కాదు, పిల్లలంటే ప్రాణం పెడుతుంది. కాకపోతే అనుమానం ఆవిడకి ఉగ్గుపాలతో వచ్చింది. కూరగాయలవాడు రెండు టమాటాలు కొసరు వేస్తే, తూకంలో ఎంత నొక్కేశాడోనని మళ్ళీ తూయించే రకం.

ఒక సాయంత్రం పెద్ద మేడం కూడా గేటు దగ్గర ఉండగా, పసిపిల్లల తరగతి చూసుకునే ఆయమ్మ సంచిలోంచి స్కూలు తువ్వాలు బయటపడింది.

"పాప కక్కుకుంది మేడం. ఇక్కడ నీళ్ళు ఆగిపోయాయి. ఇంటి దగ్గర ఉతికి తెద్దామని పెట్టుకున్నా" అంది ఆయమ్మ.

"దొరికినవాళ్ళందరి దగ్గరా ఏదో ఒక కథ ఉంటుందిలే" అంది పెద్ద మేడం, పిల్లల కోసం ఆలస్యంగా వచ్చిన తల్లిదండ్రులు వింటుండగానే.

తనకంటే వయసులో పెద్దదైన మనిషిని ఆ మాట అన్నానన్న ఆలోచన కూడా ఆవిడకి రాలేదు. ఆయమ్మ తువ్వాలు వాచ్‌మన్ చేతిలో పెట్టి వెళ్ళిపోయింది. మర్నాడు పనివాళ్ళు ఒక్కరూ గేటు లోపలికి రాలేదు. రోడ్డు అవతల పట్టా పరుచుకుని కూర్చున్నారు. వాళ్ళు అడిగింది ఒకటే, సంచులు విప్పించడం మానెయ్యాలని.

"ఇంత చిన్న విషయానికి సమ్మె ఏంటి? వెనకాల ఎవరో ఉండి ఆడిస్తున్నారు" అని పెద్ద మేడం తేల్చేసింది.

స్కూలు ఛైర్మన్ గారు ఫోన్ చేశారు. "శనివారం దాకా చూడండి. దిగి రాకపోతే అందర్నీ తీసేసి ఏజెన్సీ మనుషుల్ని పెట్టేద్దాం. వాళ్ళ సంగతి మీకే తెలుసు. మీరు ఊఁ అంటే చాలు" అన్నారు. అంతమంది ఇళ్ళలో పొయ్యి వెలగడమూ ఆరడమూ అలా ఆవిడ ఒక్క మాట మీదికి వచ్చి పడింది.

ఈలోపు బడి నడవాలి కదా! సుద్దముక్క పట్టిన చేతులు చీపురు పట్టాయి. లెక్కల మాస్టారు గంట కొట్టే పని తీసుకుని, పాఠంలో మునిగిపోయి, పిల్లలు ఆకలని గోల పెట్టేదాకా కొట్టలేదు. సైన్సు టీచర్ ముక్కుకి గుడ్డ కట్టుకుని వరండా ఊడిస్తే, దుమ్ము ఇక్కడి నుంచి అక్కడికి మారిందే తప్ప పోలేదు. పసిపిల్లల బాత్రూములు కడగడానికి మాత్రం ఎవరూ ముందుకు రాలేదు. పెద్ద మేడమే బకెట్ అందుకుంది. పని దొంగ అని ఆవిడని ఎవరూ అనలేరు.

రెండో రోజు కుళాయిల్లో నీళ్ళు రాలేదు. "చూశారా, పోతూ పోతూ వాల్వు కట్టేసి పోయారు" అంది. వెళ్ళి చూస్తే వాల్వు తెరిచే ఉంది. రోజూ మోటారు వేసేది వాచ్‌మన్ గనక ఈ రోజు దాని సంగతే ఎవరికీ గుర్తులేదు. అయినా ఆవిడ మనసు కుదుటపడలేదు. గుర్తు చేయొద్దని టీచర్లలోనే ఎవరికైనా కబురు అందిందేమో అనిపించింది. తెలుగు మాస్టారు సీసా పట్టుకుని రోడ్డు దాటడం కిటికీలోంచి కనపడింది.

"అటు ఏం చేరవేస్తున్నారు మాస్టారూ?"

"మంచినీళ్ళండీ. ఎండలో కూర్చున్నారు కదా పాపం."

"నీళ్ళేనా, మన కబుర్లు కూడానా?"

ఆయన నొచ్చుకుని లోపలికి వెళ్ళిపోయారు. ఆ రోజు నుంచి స్టాఫ్‌రూములో పెద్ద మేడం అడుగు పెట్టగానే మాటలు ఆగిపోయేవి. ఆగిపోయినందుకు ఆవిడకి ఇంకో అనుమానం. దానికి తోడు వస్తువులు మాయం కావడం మొదలైంది. ఆఫీసు కత్తెర కనపడలేదు. కొత్త సబ్బు లేదు. ఎర్ర పెన్నులు తరిగిపోతున్నాయి. పనివాళ్ళు ఒక్కరూ లోపల లేరు. అయితే గోడ దూకుతున్నారు, లేదా వాళ్ళ తరఫు మనిషి లోపలే ఉన్నాడు. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. తాను పట్టి చూపిస్తానని పంతం పట్టింది. ఛైర్మన్ గారిని అడిగి ఒక గార్డుని రప్పించి గట్టిగా చెప్పింది.

"బయటికి పోయే ప్రతి సంచీ చూడాలి. టీచర్లయినా సరే, మొహమాటపడొద్దు."

శుక్రవారం సాయంత్రం టీచర్లు గోడవారగా వరస కట్టారు. మొహాలు మాడ్చుకుని ఒక్కొక్కరే సంచులు విప్పారు. కళ్ళజోడు పెట్టెలు, తినగా మిగిలిన అన్నం డబ్బాలు, బస్సు టిక్కెట్లు అందరి కళ్ళబడ్డాయి. అందరూ అయ్యాక పెద్ద మేడం బయల్దేరింది.

"మేడం, సంచి" అన్నాడు గార్డు.

"నేనెవరో తెలుసా నీకు?"

"తెలుసండి. ప్రతి సంచీ అని మీరే కదండీ చెప్పింది!"

గేటు అవతల ఇంకా కదలని తల్లిదండ్రులు చూస్తున్నారు. వెనక్కి తగ్గితే చులకనైపోతానని ఆవిడ సంచి తెరిచింది. గార్డు ఒక్కొక్కటే తీసి బల్ల మీద పెట్టాడు. ఎర్ర పెన్నులు. సుద్దముక్కలు. రెండు రోజులుగా బడంతా వెతుకుతున్న కత్తెర. అట్టముక్కలో చుట్టిన పసిపిల్లల బాత్రూము సబ్బు.

ఆవిడ తడబడింది. "మొన్న బాత్రూము కడుగుతూ... తడిసిపోతుందని సబ్బు పక్కన పెట్టబోయి... ఈ కత్తెరా పెన్నులూ కూడా ఎప్పుడో పనిలో పడి... పొరపాటున..."

"అయ్యో, దానికేముంది మేడం! పని హడావిడిలో పడేసుకుని ఉంటారు. మీలాంటి వాళ్ళు దొంగతనం చేస్తారా?" అంటూ గార్డు పెన్నులతో సహా అన్నీ మళ్ళీ సంచిలోనే సర్ది ఇచ్చేశాడు.

"పాపం, ఎంత చాకిరీ చేస్తున్నారో!" అంది ఒక తల్లి.

బతికిపోయాననుకోవలసిన పెద్ద మేడం అక్కడే నిలబడిపోయింది. ఎవరైనా ఒక్కరు తనని అనుమానిస్తే బాగుండునని ఆవిడకి జీవితంలో మొదటిసారి అనిపించింది. తన మాట నమ్మడానికి ఈ గార్డుకి రెప్పపాటు పట్టలేదు. అదే గేటు దగ్గర, అలాంటి మాటే చెప్పిన ఆయమ్మని తాను ఒక్క క్షణం కూడా నమ్మలేదు. తేడా సంచిలో లేదని, మోసే మనిషికి చూసేవాళ్ళు కట్టే విలువలో ఉందని ఆవిడకి అప్పుడు తెలిసింది. సిగ్గుతో ఏడుపు వచ్చినంత పనైంది.

రోడ్డు దాటి పట్టా దగ్గరికి వెళ్ళింది. పనివాళ్ళు లేచి నిలబడలేదు. కొత్త ఎత్తు ఏదో వేసిందన్నట్టు అనుమానంగా చూశారు. ఆ చూపు ఎలా ఉంటుందో ఆవిడకి తెలిసొచ్చింది.

"ఆయమ్మా, ఆ రోజు మిమ్మల్ని అనకూడని మాట అన్నాను. తప్పు నాదే" అంది. అన్నేళ్ళలో ఆయమ్మని 'మీరు' అనడం అదే మొదలు.

ఆయమ్మ అంది, "ఇక్కడ చాటుగా చెబితే ఏం లాభం మేడం? ఆ రోజు నా మనవరాలు నాకోసం వచ్చి గేటు దగ్గరే నిలబడుంది. మీ మాట విన్నది. అప్పట్నుంచి ఇంట్లో ఏది కనపడకపోయినా ముందు నా మొహం వంకే చూస్తోంది. గేటు దగ్గర పోయిన మాట గేటు దగ్గరే ఇవ్వండి."

పెద్ద మేడం ఛైర్మన్ గారికి ఫోన్ చేసి తాను ఊఁ అననని చెప్పింది.

"వాళ్ళేమైనా బెదిరించారా? రేపు ఏదైనా పోతే ఎవరిది పూచీ?" అన్నారాయన.

"పోతే వెతుక్కుందామండీ. పోకముందే మనుషుల్ని దొంగల్ని చేయొద్దు. కాదూ, చూడాల్సిందే అంటారా? మీరొచ్చినప్పుడు మీ కారు డిక్కీతో మొదలుపెడతాం" అంది. సరే, మీ ఇష్టమని ఆయన ఫోన్ పెట్టేశారు.

శనివారం పొద్దున గేటు తెరవగానే, పిల్లల్ని దింపడానికి వచ్చిన వాళ్ళందరూ ఉండగా, పెద్ద మేడం ఆయమ్మని, ఆమె మనవరాలిని పక్కన నిలబెట్టుకుంది.

"ఇక్కడే ఈవిడని దొంగ అన్నట్టు మాట్లాడాను. ఈవిడ దొంగ కాదు. నిన్న ఇక్కడే నా సంచిలో స్కూలు కత్తెర దొరికింది, సబ్బు దొరికింది. పొరపాటు అన్నాను, అందరూ నమ్మారు. ఈవిడా నిజమే చెప్పింది, నేను నమ్మలేదు. నేటి నుంచి ఈ గేటులో ఎవరి సంచీ విప్పించం."

ఆ పిల్ల వాళ్ళ అమ్మమ్మ మొహంలోకి చూసింది. ఆయమ్మ ఆ చూపులో పాత అనుమానం లేదని చూసుకుని, పిల్ల తల నిమిరి, పసిపిల్లల తరగతి వైపు నడిచింది. గుంపులో ఎవరో అసలు ఈ గొడవంతా దేనికని గొణిగారు. పెద్ద మేడం అటు తిరిగి అందరికీ వినపడేలా చెప్పింది.

"ఒకే పనిని పెద్దవాళ్ళు చేస్తే పొరపాటనీ, పేదవాళ్ళు చేస్తే దొంగతనమనీ ఎంచే బడిలో, పిల్లలు ఎన్ని నీతి పాఠాలు వల్లించి ఏం లాభమండీ?"